వార్షిక నివేదిక 2024–25: సరిహద్దులు దాటి వచ్చే మన పులికాట్ అతిథులు

సభ్యులందరికీ నమస్కారం.

జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన కోసం తెల్లవారకముందే పులికాట్ సరస్సులోని అటకానితిప్ప దగ్గర రోడ్డు కట్ట మీదికి చేరాం. ఫ్లెమింగోలను చూడటానికి అందరూ వస్తారు. మేం మాత్రం ఎక్కువసేపు బురదలో గబగబా పరుగులు తీసే ఉల్లంకి పిట్టల దగ్గరే ఆగిపోయాం. వాటిలో ఒకటి, కర్లూ శాండ్‌పైపర్, కిందికి వంగిన ముక్కును బురదలో కుట్టుమిషన్ సూదిలా ఆడిస్తూ కనిపించింది. అది గుడ్లు పెట్టేది రష్యా ఉత్తర కొసన, చెట్లు మొలవని చలి నేలలైన టండ్రాలో.

పులికాట్ దగ్గరి నేలపట్టు పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయని మన ఊళ్లలో అంటుంటారు. అది నిజం కాదు, అక్కడ గూడు కట్టే గూడబాతులు మన దేశపువే. నిజంగా ఆర్కిటిక్ నుంచి వచ్చేవి ఎవరూ పట్టించుకోని ఈ చిన్న పిట్టలు.

నవంబర్ సమావేశంలో ఒక కొత్త సభ్యురాలు, "ఎక్కడో యుద్ధం జరిగితే మన సరస్సుకేం నష్టమండీ?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే డిసెంబర్‌లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ యాత్ర పెట్టుకున్నాం.

అక్కడి కేవలాదేవ్ పార్కులో మా రిక్షా ఆయన ఒక మడుగు దగ్గర ఆపి, "ఇక్కడే తిరిగేవి" అన్నారు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి ముఖం, ఎగిరితే తప్ప కనిపించని నల్లటి రెక్కల కొసలు. ఆయన చెప్పింది సైబీరియన్ క్రేన్ గురించి. 1964–65 చలికాలంలో అక్కడ సుమారు 200 ఉండేవి. చివరి జంట 2001–02 చలికాలంలో వచ్చి వెళ్లింది, ఆ తర్వాత ఒక్కటీ రాలేదు. ఆ ఖాళీ నీళ్ల ముందు మాలో ఎవరికీ మాట రాలేదు.

పశ్చిమ సైబీరియాలోని ఓబ్ నదీ ప్రాంతం నుంచి భరత్‌పూర్‌కు వచ్చే దారిలో అవి అఫ్ఘానిస్తాన్‌లోని ఆబ్-ఎ-ఇస్తాదా సరస్సు దగ్గర ఆగేవి. 1970ల్లో పరిశోధకులు అక్కడ వాటిని లెక్కపెట్టగలిగారు. 1979 డిసెంబర్‌లో సోవియట్ సైన్యం దిగాక, ఆ పైన దశాబ్దాల అంతర్యుద్ధంలో ఆ పని సాగలేదు. క్రేన్లు పోవడానికి యుద్ధం ఒక్కటే కారణమని అనలేం. వేట ఉంది, చిత్తడి నేలలు ఎండిపోవడం ఉంది. కానీ దారిలో ఎక్కడ ఏం పోతోందో చూసి చెప్పే మనిషే లేకుండా చేసింది మాత్రం యుద్ధమే. మన వైపు మడుగును ఎంత బాగా కాపాడినా, మధ్యలో ఏం జరుగుతోందో తెలియకపోతే ఏం చేయగలం?

శత్రుదేశాలు కలిసి పనిచేసిన రోజులూ ఉన్నాయి. 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ పర్యావరణ ఒప్పందం చేసుకున్నాయి. దాని పుణ్యమా అని 1977లో తూర్పు సైబీరియాలోని యాకూటియా గూళ్ల నుంచి తీసిన క్రేన్ గుడ్లు, వెచ్చగా ఉంచే పెట్టెలో విమానాలు మారుతూ అమెరికాలోని విస్కాన్సిన్ చేరాయి, పిల్లలు కూడా అయ్యాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడిమధ్యన! 1993లో మొదలైన సైబీరియన్ క్రేన్ ఒప్పందంలో క్రమంగా భారత్, పాకిస్తాన్, ఇరాన్, అఫ్ఘానిస్తాన్ సహా 11 దేశాలు చేరాయి. భరత్‌పూర్ మందను అది నిలబెట్టలేకపోయింది, నిజమే. అయినా ఆ దేశాలన్నీ ఒక పక్షి కోసం ఒక బల్ల దగ్గర కూర్చున్నాయంటే నాకిప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

ఇప్పటి సంగతికొస్తే, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో ఉత్తర ధ్రువ ప్రాంతపు ఎనిమిది దేశాల వేదిక అయిన ఆర్కిటిక్ కౌన్సిల్‌లో రష్యా కాకుండా మిగిలిన ఏడు దేశాలు దాని పనులను ఆపేశాయి. వలస పక్షుల కార్యక్రమం కూడా ఆ కౌన్సిల్ కిందే ఉంది. తర్వాత కొన్ని పనులు రష్యా లేకుండా నడిచాయి, 2024లో కార్యవర్గాల సమావేశాలు ఆన్‌లైన్‌లో మళ్లీ మొదలయ్యాయి. కానీ టండ్రాలో గూళ్లు లెక్కపెట్టడం ఆన్‌లైన్‌లో అయ్యే పని కాదు. మన కర్లూ శాండ్‌పైపర్ గుడ్లు పెట్టే నేల రష్యాదే. పులికాట్‌లో దాని సంఖ్య తగ్గితే తప్పు ఇక్కడిదా, అక్కడిదా అని తేల్చాలంటే రెండు చోట్ల లెక్కలూ కావాలి. సభ్యురాలి ప్రశ్నకు మా జవాబు ఇదే.

ఈ టెన్షన్ల మధ్య ఒక మంచి మాట. 2024 ఫిబ్రవరిలో సమర్‌కండ్‌లో జరిగిన వలస జాతుల సదస్సులో 30 దేశాల మీదుగా సాగే ‘మధ్య ఆసియా వలస మార్గం’ అనే పక్షుల దారికి సమన్వయ కేంద్రాన్ని మన దేశంలో పెట్టాలని ఒప్పుకున్నారు.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది. బడుల్లో పక్షుల పాఠాలు ఈ ఏడాదీ కొనసాగుతాయి.

వచ్చే జనవరి గణనకు పేర్లు డిసెంబర్ సమావేశంలో ఇవ్వండి. ఈసారి ఉల్లంకి పిట్టలను ఒక్కో జాతిగా విడివిడిగా లెక్కిద్దాం. బైనాక్యులర్ లేనివాళ్లకు సంఘం ఇస్తుంది.

— కార్యదర్శి