అమ్మడికి, దమ్ము చక్రాల గురించి

విడవలూరు

చిరంజీవి అమ్మడికి నాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. పొలాల్లో వదిలిపెట్టిన ఇనప సామాన్లు ఎవరూ అనుకోకుండానే బొమ్మలైపోయాయని రాశావు. నిజమే. కాకపోతే ఆ ఆకారం అట్లా ఎందుకుందో తెలుసుకుని తీస్తే, నువ్వెక్కడ నిలబడాలో ఆ ఇనుమే చెబుతుంది.

మడి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు తగిలించే ఇనప దమ్ము చక్రాలే తీసుకో. వేపచెట్టుకు ఆనించిన జత తీశావు, గుండ్రం బాగా వచ్చింది. కానీ వాటి అందమంతా ఏటవాలు పట్టీల్లో ఉంది. బురదలో ట్రాక్టరు దిగబడకుండా, చక్రం ఊరికే తిరక్కుండా పట్టు దొరకాలని అట్లా వేస్తారు. మడిని కలియదొక్కేదీ అవే. అందుకే పట్టీల అంచులు అరిగి తళతళలాడుతుంటాయి, లోపలి చువ్వలకు మాత్రం తుప్పు. నువ్వు దూరం నుంచి తీయడంతో ఆ తేడా కనపడలేదు. వాటితోనే రోడ్డెక్కితే తారు మీద వరసగా ఏటవాలు గాట్లు పడతాయి. రోడ్డు పాడైపోతుంది, అట్లా తోలకూడదు. కానీ పడిన గాట్లు మాత్రం వదలొద్దు, తియ్యి.

నేల దున్నే గుండ్రటి డిస్కులకు మట్టి జారే గుంట వైపే మెరుపు. దగ్గరికెళ్తే ఇసకా రాళ్లూ గీసిన సన్నటి వంపు గీతలు కనపడతాయి. కల్టివేటర్‌కున్న తొమ్మిది కర్రులూ ఒక్కలా అరగవు. ట్రాక్టరు టైర్లు తొక్కి గట్టిపడ్డ నేలను చీల్చేవి ముందే పొట్టివవుతాయి. నేల మీద కూర్చుని ఆ వరసంతా ఒకే ఫోటోలో పట్టు.

నువ్వు ఇంట్లో వదిలిపోయిన పుస్తకంలో జర్మనీ వాళ్లు బెర్న్డ్ బెషర్, హిల్లా బెషర్ దంపతుల గురించి చదివాను. నీళ్ల ట్యాంకులు, గనుల మీది ఇనప గోపురాలు దశాబ్దాల పాటు ఫోటోలు తీశారంట. 1990లో ఇటలీలోని వెనిస్ బియెన్నాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో వాళ్ల ఫోటోలకు ఏకంగా శిల్పానికిచ్చే గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. చదివి ఎంత సంతోషపడ్డానో! వాళ్లు మబ్బు రోజులే ఎంచుకునేవాళ్లు, నీడలు పడకూడదని. వాళ్ల ఓపిక నీకు రావాలమ్మా. మబ్బు వెలుతురు మాత్రం మన డిస్కులకు నప్పదు. పొద్దుటి ఏటవాలు ఎండలోనే ఆ గీతలు లేస్తాయి.

మిషను కడిగి, బొట్లు పెట్టి తీయమనే వాళ్లుంటారు. అదీ తీసి వాళ్లకు పంపు, కష్టపడి కొనుక్కున్నది కదా. నీకోసం మాత్రం మట్టితో ఉన్నప్పుడే తీసుకో.

మార్చిలో కోతలకు రా. టైర్లకు బదులు చైను మీద నడిచే కోత మిషను తడి మళ్లో మలుపు తిరిగిన జాడ మిద్దె మీది నుంచి చూడాలి.

డిస్కులకు పాత ఇంజనాయిలు పూసి షెడ్డులో పెట్టేస్తానని మీ అన్న తొందరపడుతున్నాడు. ఈ ఆదివారం దాకా ఆగమన్నాను. శనివారం రాత్రికే బస్సెక్కు.

మీ నాయన