మొజంజాహి మార్కెట్‌ను ఏటేటా చూసుకునేదెవరు?

సంపాదకుడు గారికి,

మొజంజాహి మార్కెట్‌ను బాగు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచినప్పుడు నాలాంటి పాతవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. ఆగిపోయిన గడియారం నడిచింది, మూసుకుపోయిన కమానులు బయటపడ్డాయి. సుమారు రూ.15 కోట్లు ఖర్చయిందన్నారు. ఖర్చు పెట్టిన తీరు మీద నాకు ఫిర్యాదు లేదు. ఇక మీదట ఏటేటా ఈ కట్టడాన్ని చూసుకునేదెవరు, అందుకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందన్నదే నా దిగులు.

1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. దానికి అధ్యక్షుడిగా పనిచేసిన, ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరే ఈ మార్కెట్‌కు పెట్టారు. 1935 నాటికి పూర్తయింది. అప్పట్లో ఇది పెద్ద పండ్ల మార్కెట్. 1980లలో పండ్ల హోల్‌సేల్ వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలిపోయాక కూడా బోసిపోలేదంటే కారణం లోపలున్న దుకాణాలే. అత్తర్లు, డ్రై ఫ్రూట్స్, మాంసం, సీజన్‌ను బట్టి సీతాఫలం, మామిడి ఐస్‌క్రీమ్. రాత్రి పది గంటలకు కూడా ముంగిట్లో కుర్చీలు నిండే ఉంటాయి. అందుకే అద్దెలు పెంచి వీళ్లను వెళ్లగొట్టే ఆలోచన, ఖరీదైన బ్రాండ్ల షోరూములు తెచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోవాలి. బేరసారాలు లేని మార్కెట్‌ను ఎంత తోమి నిలబెట్టినా ఏం లాభం?

గ్రానైట్ గోడకు వచ్చే ముప్పు ముందుగా నీటి వల్లే. డాబా మీద నీళ్లు పోయే గొట్టంలో ఆకులు అడ్డుపడితే చాలు, రాళ్ల సందుల్లో తేమ నిలుస్తుంది. అక్కడో రావి మొక్క మొలుస్తుంది. బొటనవేలంత మొక్కను ఆ వానాకాలంలోనే వేరుతో సహా తీసేస్తే సరి, నాలుగేళ్లు వదిలేస్తే వేరు రాయినే పక్కకు నెడుతుంది. ఆ సందుల్లో సున్నం బదులు సిమెంటు మెత్తితే లోపలి తేమ బయటికి పోలేక ఇంకా చేటు. ఇదేమీ కోట్ల పని కాదు. మే నెలలో నిచ్చెన వేసుకుని, సున్నం పని తెలిసిన మేస్త్రీతో వారం రోజులు చేయిస్తే అయిపోతుంది. ఆ వారం పని ఎవరి బాధ్యతో కాగితం మీద రాసి ఉండాలి.

కరెంటు సంగతి మరీ ముఖ్యం. మద్రాసులో పాత పుస్తకాల కోసం మన తెలుగువాళ్లు కూడా ఎగబడిన మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఇప్పుడు అక్కడ రైల్వే భవనం ఉంది. రోజంతా ఫ్రీజర్లు నడిచే మన మార్కెట్‌లో వైరింగ్‌ను ఏటా తనిఖీ చేయకుండా ఎలా ఊరుకుంటాం? నిమజ్జనం శోభాయాత్ర ఈ కూడలి మీదుగానే సాగుతుంది. ఆ రోజు కమానులకు తాళ్లు, ఫ్లెక్సీలు కట్టనివ్వకూడదు.

నగరంలోని వారసత్వ కట్టడాలకు రక్షణగా 1995 నుంచి ఉన్న నిబంధనను 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చట్టం ఉంది కాబట్టి అడుగుతున్నాను. దుకాణాల అద్దెల్లోంచి కొంత భాగం ఈ భవనం కోసమే విడిగా జమ చేయాలి. ఖర్చు నిర్ణయించే కమిటీలో దుకాణదారులకు చోటివ్వాలి. ఏ ఏడు ఏం బాగు చేశారో తెలుగులో, ఉర్దూలో రాసి గడియార స్తంభం దగ్గర బోర్డు పెట్టాలి. వచ్చే వానాకాలం లోపే ఇది మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా ప్రభుత్వాన్ని, నగరపాలక సంస్థను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, గోషామహల్, హైదరాబాద్