ఆటో క్లాసు మానేయకు

విజయవాడ

చిన్నమ్మలూ,

నాయనమ్మ కులాసాగానే ఉంది. కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చుక్కల మందు వేళకి వేయడం ఒక్కటే మిగిలింది, ఆ డ్యూటీ నాది. నువ్వు ఫోన్లో అడిగినదానికి వాట్సాప్‌లో నాలుగు ముక్కల్లో జవాబు చెప్పడం నావల్ల కాలేదు. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. నా అక్షరాలు అర్థం కాకపోతే అమ్మ చదివి పెడుతుంది.

వింటర్ క్వార్టర్‌కి, అంటే చలికాలం టర్ముకి, కార్ల రిపేరు నేర్పే ఆటో క్లాసు మానేసి బయాలజీ మీదే ఉండాలా అని అడిగావు. నాకు ఆ ప్రశ్న నీదిలా అనిపించలేదు, పెద్దనాన్నదిలా అనిపించింది. "పిల్లని అమెరికా తీసుకెళ్ళి పానాలు పట్టిస్తున్నావేంట్రా" అని నన్నూ అడిగాడు, భోజనాల దగ్గర, అందరి ముందూ. ఆయన మీద కోపం తెచ్చుకోకు. ఇక్కడ పదో తరగతి కాగానే ఎంపీసీయా, బైపీసీయా అంటారు. ఎంపీసీ తీసుకున్నవాడు సాధారణంగా మళ్ళీ కప్ప గురించి చదవడు, బైపీసీ తీసుకున్నవాడు మళ్ళీ ఇంటిగ్రేషన్ జోలికి పోడు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేరితే మార్కులు రాలేదు కాబోలు అనుకుంటారు. అందులోనూ ఆడపిల్ల షెడ్డులో పనిచేయడం పెద్దనాన్న ఎప్పుడూ చూడలేదు. ఆయన భయం ఆయనది.

నువ్వు చదివేది డి ఆంజాలో, రెండేళ్ళు చదివి యూనివర్సిటీకి మారే కమ్యూనిటీ కాలేజీలో. పొద్దున సెల్ బయాలజీ, సాయంత్రం బ్రేకులు తీసుకుంటే అక్కడ ఎవరూ ఎందుకని అడగరు. ఒక్కో క్వార్టర్ యూనిట్‌కి, అంటే క్రెడిట్‌కి, ఫీజు 31 డాలర్లు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అదే యూసీలో ట్యూషనూ ఫీజులూ కలిపి ఏడాదికి 14 వేలు దాటాయి. ఇంత తక్కువ ఖర్చులో రెండు పనులు చేసి చూసే అవకాశం మళ్ళీ రాదు. సాగినన్నాళ్ళు రెండూ సాగనీ అన్నదే నా మాట.

నిన్న ఆటోనగర్ వెళ్ళాను. తాతయ్య పనిచేసినప్పుడు అక్కడ లారీ అంటే కమాన్ కట్టలు, గేరుబాక్సు, బాడీ కట్టడం. ఇప్పుడూ ఆ పనులున్నాయి, కానీ పక్క షెడ్డులో ఒక కుర్రాడు చేతిలో ట్యాబ్ పట్టుకుని లారీకి స్కానర్ తగిలించి కూర్చున్నాడు. బండికి పికప్ లేదని డ్రైవర్ తెచ్చాడట. చూస్తే యూరియా ట్యాంకు దగ్గర సమస్య. 2020 ఏప్రిల్ నుంచి ఇక్కడ బీఎస్-6 అనే పొగ నియమాలకు సరిపడే బళ్ళే అమ్మాలి. ఆ పెద్ద డీజిల్ లారీల్లో పొగ గొట్టంలోకి యూరియా నీళ్ళు చల్లుతారు. వేడికి యూరియా విడిపోయి అమ్మోనియా వస్తుంది. ఆ అమ్మోనియా పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీళ్ళుగా మార్చేస్తుంది. యూరియా అయిపోతే కంప్యూటరే ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది.

వింటుంటే నువ్వు గుర్తొచ్చావు. మన లివర్ చేసేది దీనికి సరిగ్గా తిరగేసిన పని కదా. ఒంట్లో పుట్టిన అమ్మోనియా విషం కాబట్టి దాన్ని యూరియాగా మార్చి కిడ్నీలకు అప్పగిస్తుంది. ఈ మాట ఆ కుర్రాడితో అంటే, "మాకు తెలిసిన యూరియా పొలంలో వేసేదేనండీ" అని నవ్వాడు. నిజానికి అదీ ఇదీ ఒకటే.

అమ్మ మన క్యామ్రీ కారుకి స్మాగ్ చెక్, అంటే పొగ పరీక్ష, నోటీసు వచ్చిందని చెప్పింది. ఆ నోటీసు ఎక్కడ మొదలైందో నీకు తెలిసి ఉండదు, చెబుతాను విను. 1940ల్లో లాస్ ఏంజిలెస్ మీద మంచులాంటి పొగ కమ్మేసేది. కళ్ళు మండేవి. 1943లో ఒకసారి జపాన్ వాళ్ళు గ్యాస్ దాడి చేశారేమో అని కూడా జనం భయపడ్డారట. చుట్టుపక్కల పొలాల్లో పాలకూర ఆకులు వెండి రంగు తిరిగి పాడైపోయేవి. అక్కడికి దగ్గర్లోని పాసడీనాలో, కాల్‌టెక్ యూనివర్సిటీలో ఆరీ హాగెన్-స్మిట్ అనే బయోకెమిస్ట్ ఉండేవాడు. అప్పటికి ఆయన చూస్తున్నది కార్లను కాదు, అనాసపండుకి ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందా అని. పండు ఆవిరిని అతి చల్లటి గొట్టాల్లో పట్టుకునే పద్ధతి చేతిలో ఉంది కాబట్టి, అదే పద్ధతిలో పాసడీనా గాలిని పట్టి చూశాడు. ఘాటైన వాసనతో కొద్దిగా ద్రవం మిగిలింది. కార్ల నుంచీ రిఫైనరీల నుంచీ వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్ పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు. మొక్కలు పెట్టిన గదిలోకి ఆ వాయువులు పంపి, పొలంలో రైతులు చూసిన మచ్చలే ఆకుల మీద తెప్పించాడు. చమురు పరిశ్రమ తరఫున పనిచేసే శాస్త్రవేత్తలు కాదని వాదించారు. చివరికి ఆయన మాటే నిలిచింది. 1968లో గాలి కాలుష్యాన్ని అదుపుచేసే కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకి మొదటి చైర్మన్ కూడా ఆయనే అయ్యాడు. మీ ఆటో క్లాసులో సగం పాఠాలు, ఆక్సిజన్ సెన్సర్లూ ఈజీఆర్ వాల్వులూ కన్వర్టర్లూ లాంటి పొగని తగ్గించే భాగాలు, పాలకూర ఆకుల మీద మచ్చల్ని ఒకాయన పట్టించుకున్నందువల్ల వచ్చినవే. పెద్దనాన్నకి ఇదంతా చెప్పాను. "ఆయన ప్రొఫెసరు, మెకానిక్ కాదుగా" అన్నాడు. ఆయన్ని వాదనలో గెలవడం కష్టం.

అలాగని మెకానిక్ పని పూలపాన్పని నేను చెప్పను. అమెరికాలో చాలాచోట్ల పనిముట్లు మెకానిక్కే కొనుక్కోవాలి, ఆ అప్పు తీరడానికి ఏళ్ళు పడుతుంది. చాలా షాపుల్లో జీతం ఫ్లాట్ రేట్. ఒక పనికి పుస్తకంలో రెండు గంటలని రాసి ఉంటే, తుప్పు పట్టిన బోల్టు విరిగి నాలుగు గంటలు పట్టినా రెండింటికే డబ్బులు. నడుము, మోకాళ్ళు ముందుగా అరుగుతాయి, తాతయ్యని చూశాను. మెకానిక్కులకిచ్చే ఏఎస్ఈ సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష పాసైతే చాలదు, రెండేళ్ళ అనుభవం చూపాలి. రెండేళ్ళ కోర్సు చేస్తే అందులో ఒక ఏడాది కలిసొస్తుంది. ఐదేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి. ఎనిమిది పరీక్షలూ అయ్యాక మాస్టర్ టెక్నీషియన్ అంటారు. నీకు ఆ దారే కావాలనిపిస్తే వెళ్ళు, నేనూ అమ్మా అడ్డురాం. కానీ పెద్దనాన్న మీద పంతంతో వెళ్ళకు.

ఇక బయాలజీ సంగతి. నీ బయాలజీ కోర్సులు 6ఎ, 6బి, 6సి ఒకదాని తర్వాత ఒకటి నడిచే వరుస. ఒకటి తప్పితే తర్వాతవన్నీ వెనక్కి జరుగుతాయి, దాంతోపాటు యూసీకి ట్రాన్స్‌ఫర్ కూడా. ఆటో క్లాసు ఒక క్వార్టర్ ఆలస్యమైతే కొంపేం మునగదు. కాబట్టి రెండిటికీ టైము కుదరనప్పుడు ఆటో తగ్గాలి. తగ్గించడం వేరు, మానేయడం వేరు. ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదలయ్యే క్వార్టర్‌లో చిన్న ఆటో క్లాసు ఒక్కటే పెట్టుకో, ల్యాబ్ గంటలు ఎక్కువున్నది వద్దు.

ఇంకొకటి. ఆటో కోర్సుల్లో చాలావాటిని యూసీ లెక్కలోకి తీసుకోదు. నీకు కావాల్సిన 90 క్వార్టర్ యూనిట్లు అవి లేకుండానే నిండాలి. ఏ కోర్సుని యూసీ ఒప్పుకుంటుందో చూపే అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఒక్కో కోర్సూ నువ్వే చూసుకో, కౌన్సెలర్ అరగంటలో అన్నీ చూడలేరు. ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) కింద సీటు ఖాయం చేసేవి ఆరు యూసీలే: డేవిస్, ఇర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. అందులో ఒక్కదానికే పెట్టుకోవాలి, అదీ సెప్టెంబర్‌లోనే. యూసీ బర్క్‌లీ అని అత్తయ్య అంటూ ఉంటుంది. అక్కడికీ అప్లికేషన్ పెట్టు, కానీ అక్కడ గ్యారంటీ లేదు. బయాలజీకి డేవిస్ ఎందులోనూ తక్కువ కాదు. ఇంటికి రెండు గంటల దూరం, అది నా స్వార్థం.

క్రేగ్ వెంటర్ పేరు మీ క్లాసులో వినే ఉంటావు, మనిషి డీఎన్ఏ మొత్తాన్ని, అంటే జీనోమ్‌ని, చదివిన పోటీలో ఒకవైపు నిలబడినవాడు. వియత్నాం నుంచి వచ్చాక ఆయన చదువు మొదలుపెట్టింది కాలేజ్ ఆఫ్ శాన్ మాటియోలో, మన ఇంటికి దగ్గర్లోని ఇంకో కమ్యూనిటీ కాలేజీ. అత్తయ్య మళ్ళీ "అదేం కాలేజీ" అంటే ఈ మాట చెప్పు. తర్వాత యూసీ శాన్ డియేగోకి వెళ్ళాడని కూడా చెప్పు, లేకపోతే ఊరుకోదు.

చివరికి కారు. చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని, కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదనే కోడ్ పీ0420 వచ్చిందని పంపావు. నీ దగ్గర స్కానర్ ఉంది కదా అని కోడ్ చెరిపేసి, లైటు పోయింది కాబట్టి అదే రోజు స్మాగ్ చెక్‌కి తీసుకెళ్ళకు. చెరిపితే రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తన పొగ భాగాలను తనే చేసుకునే పరీక్షలు, కూడా మొదటికొస్తాయి, అవి పూర్తి కాకపోతే ఫెయిల్ చేస్తారు. కొన్నిరోజులు ఫ్రీవే మీదా ఊళ్ళోనూ తిప్పితేగానీ పూర్తికావు. చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా, అంటే కోడ్ వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎలా నడుస్తోందో చూపే లెక్కలు, రాసి పెట్టుకో. ఆ కోడ్ రాగానే అందరూ కన్వర్టర్ పోయిందంటారు. ముందు ఎగ్జాస్ట్ ఎక్కడైనా లీకవుతోందేమో చూడు. కన్వర్టర్ వెనక ఉండే ఆక్సిజన్ సెన్సర్ గ్రాఫ్ నిలకడగా ఉందో, ముందు సెన్సర్‌తో పాటే పైకీ కిందకీ ఊగుతోందో చూసి, మీ మాస్టారికి చూపించు. కాలిఫోర్నియాలో ఆ ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఒప్పుకున్న కన్వర్టరే వేయాలి, దాని ధర మామూలుగా ఉండదు. ఆయన చూసి చెప్పేదాకా షాపు వాళ్ళు ఏమన్నా డబ్బు కట్టొద్దని అమ్మకి చెప్పు. కారు కిందకి దూరేముందు జాకీ స్టాండ్లు పెట్టు, జాకీ ఒక్కదాన్నీ నమ్మకు.

నాన్న