పాయింట్ల గెలుపు పిరికితనం కాదు

సంపాదకులకు నమస్కారం.

గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన మిశ్రమ యుద్ధకళల (ఎంఎంఏ) పోటీల్లో పేరు పొందిన కెనడా యోధుడు జార్జ్ సెయింట్ పియెర్ మీద మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. 26 గెలుపులు, 2 ఓటములు, రెండు బరువు విభాగాల్లో యూఎఫ్‌సీ (ఈ పోటీలు నడిపే సంస్థ) బెల్టు, అంటే చాంపియన్ టైటిల్, 2019 ఫిబ్రవరిలో రిటైర్మెంట్. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా అభ్యంతరమల్లా ఒక్క మాట మీదే. 2009 జులైలో థియాగో అల్వెస్ మొదలు 2013 నవంబరులో జానీ హెండ్రిక్స్ దాకా వరుసగా ఏడు పోటీలు పాయింట్ల మీదే, అంటే ప్రత్యర్థిని పడగొట్టో లొంగదీసో కాకుండా జడ్జిల స్కోరుతోనే, గెలిచాడు కాబట్టి తెగువ తగ్గిపోయిందని తేల్చేశారు. అది అన్యాయం.

టైటిల్ పోటీ అంటే ఐదేసి నిమిషాల ఐదు రౌండ్లు, నడుమ ఒక్కో నిమిషం విరామం. ఏడు పోటీలు కలిపితే 175 నిమిషాలు. అంతసేపూ ఎదుట నిలబడినవాళ్లు సామాన్యులా? అల్వెస్ తొడల మీద తన్నడంలో దిట్ట. జేక్ షీల్డ్స్ నేల మీద పట్టు బిగిస్తే వదిలేవాడు కాదు. జాష్ కాస్చెక్, హెండ్రిక్స్ అమెరికా కాలేజీ కుస్తీలో జాతీయ చాంపియన్లు, హెండ్రిక్స్ అయితే రెండుసార్లు. డాన్ హార్డీ, కార్లోస్ కాండిట్, నిక్ డియాజ్ నిలబడి కొట్టడంలో ఎవరికీ తీసిపోరు. ఏడుగురిదీ ఏడు తీరులు. ఒక్కొక్కరి బలాన్ని వాళ్లకే పనికిరాకుండా చేశాడు.

ఎలా చేశాడన్నదే మీ వ్యాసంలో లేదు. సెయింట్ పియెర్ బడి రోజుల నుంచి కుస్తీ పట్టినవాడు కాదు. క్యుబెక్‌లో చిన్నప్పుడు క్యోకుషిన్ కరాటే నేర్చాడు, కుస్తీ ఆ తర్వాత మాంట్రియల్‌లో వచ్చింది. అయినా అతని డబుల్ లెగ్ టేక్‌డౌన్‌ను (రెండు కాళ్లూ పట్టి పడేసే ఎత్తు) కాలేజీ చాంపియన్లు కూడా ఆపలేకపోయారంటే, అందులో సగం కరాటే ఉండటమే కారణం. ముందుకు చాచిన చేత్తో సూటిగా, వేగంగా ‘జాబ్’ అనే గుద్దు వేస్తాడు. ఒకటి, రెండు, మూడు తగిలాక ప్రత్యర్థి దాన్ని తప్పించడానికి చెయ్యి పైకెత్తడమో, విసిగిపోయి కుడిచేత్తో ఎదురు కొట్టడమో చేస్తాడు. బరువు ముందు కాలి మీద పడే ఆ క్షణమే అదను. అప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి కిందికి దిగుతాడు. ముందు పాదం ప్రత్యర్థి రెండు పాదాల మధ్య లోతుగా పడుతుంది. తల ప్రత్యర్థి పక్కటెముకలకు బయటి వైపున ఆనుతుంది. చేతులు రెండు మోకాళ్ల వెనుక బిగుస్తాయి. తగిలాక కాళ్లు ఆగవు, పక్కకు తిప్పుతూ నెడతాయి.

దీన్ని అనుకరించేవాళ్లు తప్పు చేసేది మూడు చోట్ల. నడుము వంచితే తల ముందుకొచ్చి మెడ గిలటిన్ పట్టులో (ముందు నుంచి మెడ బిగించే పట్టు) చిక్కుతుంది, లేదా మోకాలి దెబ్బ తింటుంది. దూరం నుంచి దూకితే ప్రత్యర్థి కాళ్లు వెనక్కి విసిరి మీద పడిపోతాడు. పట్టు దొరికాక అడుగులు ఆపితే ఎదుటివాడు కేజ్‌కు (పోటీ స్థలం చుట్టూ ఉండే కంచెకు) వీపు ఆనించి నిలదొక్కుకుంటాడు. సెయింట్ పియెర్ ఈ మూడింటిలో తప్పడం చాలా అరుదు.

ఇక జాబ్ సంగతి. 2010 డిసెంబరులో మాంట్రియల్‌లో కాస్చెక్‌తో జరిగిన పోటీ చూడండి. నాలుగు ఔన్సుల గ్లవ్స్ పల్చగా ఉంటాయి, కణుపులు సూటిగా దిగుతాయి. మొదటి రౌండ్లోనే కాస్చెక్ కుడి కన్ను వాచిపోయింది, కంటి చుట్టూ ఉండే ఎముక విరిగింది. కన్ను మూసుకుపోయినవాడికి దూరం తెలియదు, తర్వాతి జాబ్ కనిపించదు. అయినా పైన పడి నాకౌట్ ఎందుకు చేయలేదని అడుగుతారు. కాస్చెక్ కుడిచేయి చివరిదాకా బతికే ఉంది. అటువంటి ఒక్క గుద్దు విలువెంతో సెయింట్ పియెర్‌కు బాగా తెలుసు.

2007 ఏప్రిల్‌లో మ్యాట్ సెర్రా చేతిలో ఓడింది అలాగే. తల పక్కన తగిలిన కుడిచేతి గుద్దుకు తూలాడు. తూలినవాడు చేయాల్సింది ఎదుటివాణ్ని వాటేసుకుని తల కుదుటపడేదాకా ఆగడం. అతను మళ్లీ గుద్దులకు దిగాడు. మొదటి రౌండ్ 3 నిమిషాల 25 సెకన్లకు కథ ముగిసింది. అంతకుముందు 2004లో మ్యాట్ హ్యూస్ పట్టిన ఆర్మ్‌బార్‌కు (మోచేతిని వెనక్కి విరిచే పట్టు) సెయింట్ పియెర్ లొంగిపోయినప్పుడు రౌండ్ ముగియడానికి మిగిలింది ఒక్క సెకను. ఈ రెండు ఓటముల నుంచి పుట్టిందే ఆ తర్వాతి జాగ్రత్త. హ్యూస్‌ను 2007 డిసెంబరులో అదే ఆర్మ్‌బార్‌తో ఓడించాడు. సెర్రాను 2008 ఏప్రిల్‌లో నేల మీద పడేసి, పక్కటెముకల్లో మోకాళ్లతో కొట్టి రెండో రౌండ్లో ఆపాడు. తెగువ లేనివాడు చేసే పనులా ఇవి?

లోపాలు లేవని అనను. 2010 మార్చిలో హార్డీ చెయ్యి సెయింట్ పియెర్ ఆర్మ్‌బార్‌లో పూర్తిగా చిక్కింది, అయినా పోటీ ముగియలేదు. ఆర్మ్‌బార్ పనిచేయాలంటే ప్రత్యర్థి మోచేయి మన తుంటి దాటి ఛాతీ వైపుకు రావాలి, బొటనవేలు పైకి చూడాలి, మోకాళ్లు దగ్గరగా బిగించాలి. ముంజేయి కాస్త మెలితిరిగినా ఒత్తిడి కీలు మీద నుంచి జారిపోతుంది. హార్డీ మొండితనం ఒక ఎత్తయితే, ఈ బిగింపు చాలకపోవడం మరో ఎత్తు. హెండ్రిక్స్‌తో పోటీ కూడా వివాదాస్పదమే. ఇద్దరు జడ్జిలు 48-47తో ఇతనికి, ఒకరు 48-47తో హెండ్రిక్స్‌కు ఇచ్చారు. తేడా అంతా మొదటి రౌండ్ దగ్గరే. ఆ రాత్రి ఎక్కువ దెబ్బలు తిన్న ముఖం చాంపియన్‌దే. నెల తిరక్కుండానే బెల్టు వదిలేశాడు.

మోకాలి గాయాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. 2011 డిసెంబరులో కుడి మోకాలి లిగమెంట్ తెగింది. 2012 నవంబరులో తిరిగొచ్చి మూడో రౌండ్లో కాండిట్ తన్నిన దెబ్బ తలకు తగిలి కింద పడ్డాడు. కింద నుంచే కాళ్లతో ప్రత్యర్థిని అడ్డుకుంటూ, మీద పడే గుద్దులు తగ్గించుకుని లేచాడు. ఐదు రౌండ్లూ పూర్తి చేశాడు.

చివరి పోటీకి 77.1 కిలోల నుంచి 83.9 కిలోల విభాగానికి వెళ్లాడు. 2017 నవంబరు 4న మైకేల్ బిస్పింగ్‌ను ఎడమచేతి హుక్‌తో (పక్క నుంచి వంపుగా వచ్చే గుద్దు) పడగొట్టి, వెనుక నుంచి మెడ బిగిస్తే బిస్పింగ్ లొంగకుండానే స్పృహ తప్పాడు. బరువు పెరగడానికి శక్తికి మించి తిన్నాడు. పోటీ తర్వాత పెద్దపేగు పుండ్ల జబ్బు బయటపడటంతో డిసెంబరు 7న ఆ బెల్టు కూడా తిరిగిచ్చాడు.

మీ పేజీకి ఒక చిన్న విన్నపం. ఇకపై ఇలాంటి ఫలితాలు వేసేటప్పుడు ‘పాయింట్లపై గెలుపు’ అని వదిలేయకుండా ముగ్గురు జడ్జిలు రౌండ్లవారీగా ఇచ్చిన స్కోరు కూడా వేయండి. ఎవరు ఏ రౌండ్లో ఎందుకు వెనకబడ్డారో పాఠకులే చూసుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు