తోకకు ముందు ముక్క

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు వణకడం నాకు తెలిసింది. డ్యూటీ దిగేముందు తర్వాతి నర్సుకు రోగుల సంగతులు అప్పజెబుతూ, అదే హ్యాండోవర్ ఇస్తూ, తుంటి ఆపరేషన్ అయిన పెద్దావిడ లేచి కదలగలగడం గురించి ‘మొబిలిటీ’ అని మూడుసార్లు చెప్పినా అవతలి నర్సుకు అర్థం కాలేదని, చివరికి కాగితం మీద రాసి చూపించానని చెప్పావు. ‘ఇన్నేళ్ల ఇంగ్లిష్ మీడియం చదువు ఇంతేనా నాన్నా?’ అన్నావు. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ స్కూల్లో ఇంగ్లిష్ పాఠం చెప్పినవాణ్ని కదా, రాత్రంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. నీ ఇంగ్లిష్‌కి ఏమీ కాలేదు తల్లీ. ఆ మాటలో బరువు ఒక ముక్క మీద పడాల్సింది, ఇంకో ముక్క మీద పడింది. ఫోన్‌లో చెబితే నిలవదని ఉత్తరం రాస్తున్నాను.

తాతయ్య నిన్ను అరుగు మీద కూర్చోబెట్టి గురువు, లఘువు గుర్తులు పెట్టించేవాడు, గుర్తుందా? మొబిలిటీకి ఆ లెక్క వేసి చూడు. మొ, బి, లి మూడూ లఘువులు. చివరి టీ గురువు. మన చెవి దీర్ఘం ఉన్నచోట బరువు వెతుక్కుంటుంది కాబట్టి మనం టీ దగ్గర ఆగుతాం, సాగదీస్తాం. ఇంగ్లిష్ సొంత భాషైన వాళ్ల నోట్లో ఆ టీ పొట్టిగా తేలిపోతుంది. గొంతు లేచేది బి దగ్గర. బి హ్రస్వమే, అయినా బరువంతా దానిదే. ఆ తర్వాత వచ్చే ‘లి’లో అచ్చు నలిగిపోయి, ‘ల’కీ ‘లి’కీ మధ్య ఎక్కడో వినబడుతుంది. ఇంగ్లిష్ చెవి పెద్ద మాటను ఆ ఒక్క బరువైన ముక్కతోనే పట్టుకుంటుంది. నువ్వు బి మీంచి జారిపోయి టీ మీద నిలబడ్డావు. ఆవిడ చెవికి అది తెలిసిన మాటలా తగల్లేదు. మూడుసార్లూ నువ్వు అలాగే చెప్పి ఉంటావు, ఇంకాస్త గట్టిగా.

ఇందులో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. మనం మొ-బి-లి-టీ అని విరుస్తాం, మన లిపే అలాంటిది, హల్లు ఎప్పుడూ తర్వాతి అచ్చుతో పోతుంది. అమెరికా వాళ్ల డిక్షనరీల్లో మాత్రం మో-బిల్-ఇ-టి అని విరిచి ఉంటుంది. పక్కనున్న ల్‌ని బి తన వైపు లాగేసుకుంది చూశావా! ‘సత్య’లో స ఎందుకు గురువని తాతయ్యను అడిగితే ఏమనేవాడు? వెనకున్న త్ వచ్చి దానికి ఆనుకుంటుంది, సత్-య అనేవాడు. ఇదీ దాదాపు అంతే. అక్కడ సంయుక్తాక్షరం బరువు తెచ్చింది, ఇక్కడ నొక్కు తెచ్చింది. నేను పదో తరగతి పిల్లలకు బోర్డు మీద ఇంగ్లిష్ మాట రాసి పైన గురువు గుర్తే పెట్టేవాణ్ని. గ్రామర్ అంటే బెదిరిపోయే పిల్లలు కూడా ఆ గుర్తు చూడగానే సరిగ్గా పలికేవారు.

ఇక అన్ని మాటలకూ ఎలా గుర్తుపెట్టుకోవాలంటావా? మాటను తోకవైపు నుంచి చూడు. చివర ‘ఇటీ’ ఉంటే దానికి సరిగ్గా ముందున్న ముక్క మీద బరువు. చివర ‘షన్’ ఉన్నా అంతే. ముందు ఎన్ని ముక్కలున్నా లెక్క మారదు. హాస్పిటల్‌లో బరువు హా మీద. అదే హాస్పిటాలిటీ అయ్యేసరికి బరువు లేచి టా మీదికి పోతుంది. నువ్వు రోజూ అనే మాటలే తీసుకో. అబ్జర్వ్‌లో జర్వ్ మీద ఉన్నది అబ్జర్వేషన్‌లో వే మీదికి జరిగింది. మెడిసిన్‌లో మె, మెడికేషన్‌లో కే. మనవాళ్లు ‘ఒబేసిటీ’ అంటారే, అక్కడ పలకాల్సింది బీ, బరువూ దాని మీదే, ఒ-బీ-సి-టి. సెన్సిటివిటీ అనేటప్పుడు ‘సెన్’ని గట్టిగా పట్టుకుని పరుగెత్తకు, మధ్యలో ఉన్న టి దగ్గర నిలబడు.

ఈ తోకలు రెండూ లాటిన్‌వి. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి నోటి మీదుగా ఇంగ్లిష్‌లోకి దిగాయి. ఇప్పుడు మనం ఒక్క ముక్కగా అనే ‘షన్’, ఆరువందల ఏళ్ల కిందట ఇంగ్లిష్ కవి చాసర్ కాలంలో రెండు ముక్కలు. నోరు ఎప్పుడో కలిపేసుకున్నా చాలాకాలం బడి పుస్తకాల్లో రెండుగానే విరిచేవారు. 1783లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ స్పెల్లింగ్ పుస్తకం వేసి, ఎలా పలుకుతామో అలాగే విరవాలని, ‘షన్’ ఒక్క ముక్కేనని పట్టుబట్టాడు. హ్యాబిట్‌ను హ్యా-బిట్ కాదు, హ్యాబ్-ఇట్ అని విరవమన్నదీ ఆయనే. పైన చెప్పిన బిల్ సంగతి ఇదే కదా! ఆయన కూడా బడిపంతులే. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఒకటి రెండు చోట్ల జాగ్రత్త. ‘మెంట్’ కూడా లాటిన్ తోకే కానీ బరువును కదపదు. ట్రీట్‌మెంట్, అసెస్‌మెంట్, మేనేజ్‌మెంట్, అసలు మాటలో ఎక్కడుంటే అక్కడే. టెలివిజన్ కూడా తోక లెక్కకు లొంగదు, బరువు మొదటి ‘టె’ మీదే. ఎమర్జెన్సీలో ‘మర్’ మీద. అనుమానం వస్తే డిక్షనరీలో ముక్కకు ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది చూడు, బరువు ఆ గీత తర్వాతి ముక్కది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద నేను కొన్న డేనియల్ జోన్స్ ఉచ్చారణ డిక్షనరీ మన బీరువాలో ఉంది కదా, 1917లో మొదటిసారి అచ్చయిన పుస్తకం. ఆ గీతలు చూసి చూసే నేను నేర్చుకున్నాను. ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు ‘ఫొటోగ్రఫీ’ని ‘ఫొటో’ మీద బరువేసి చదివితే పక్కన కూర్చున్నాయన నవ్వాడు. ఆ రాత్రి లాడ్జిలో పడుకోకుండా ‘టాగ్రఫీ, టాగ్రఫీ’ అనుకుంటూ కూర్చున్నాను. కాబట్టి నిన్న నీకు ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు.

వాళ్ల యాసను అనుకరించమని చెప్పడం లేదు. నీ ట, నీ ర నీవిగానే ఉండనీ. బరువు ఒక్కటీ దాని చోట పెడితే ఆ పెద్దావిడ రాత్రి ఒక్కతే లేవగలదా, ఇద్దరు పట్టుకోవాలా అన్నది డ్యూటీకి వచ్చిన నర్సుకు వెంటనే అందుతుంది. నిన్న నీ బాధ కూడా దాని గురించే కదా.

ఇలా సాధన చెయ్యి. వంటింట్లో గట్టు మీద అరచెయ్యి పెట్టి మాట అను, బరువున్న ముక్క దగ్గర మాత్రమే తట్టు. మిగతావి వేళ్ల సందుల్లోంచి జారిపోయినట్టు పోనీ. ముందు మొబిలిటీ, ‘బి’ దగ్గర ఒక్క దెబ్బ. అది కుదిరాక రీహాబిలిటేషన్ పట్టుకో. ఆరు ముక్కలు. రీ మీద, బి మీద చిన్న తట్టు, టే మీద పెద్దది. అక్కడ అందరూ ‘రీహాబ్’ అని కుదించేస్తారన్నావు, అయినా నువ్వు పూర్తి మాట నేర్చుకో.

మీ అమ్మ కారప్పొడి పార్సిల్ పంపింది, ఈ వారంలో అందుతుంది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ రెండు మాటలూ నాకు చెప్పి వినిపించు. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, నేనూ బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను.

నాన్న