పాత పడవకు రంగులు: ఈ శని, ఆదివారాలు

అందరికీ నమస్తే! మన పాత తెరచాప పడవ వచ్చే నెల మొదటి ఆదివారం హుస్సేన్‌సాగర్‌లోకి దిగుతోంది. శనివారం పొద్దున 7కల్లా షెడ్డు దగ్గర ఉండండి.

ఆ రోజంతా గీకుడే. పొక్కులు లేచిన రంగును ముందు 80 నంబరు ఎమరీ పేపర్‌తో, తర్వాత 220తో రుద్దాలి. ఫైబర్ దుమ్ముకు ఒళ్లంతా దురద! ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మాస్కు తప్పనిసరి. పోయినసారి టీషర్టులతో వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆదివారం 9 తర్వాత, తడి ఆరాక ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత). దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌ను అప్పటికి కావలసినంత ప్రైమర్‌లోనే కలపండి, కలిపింది మిగిలితే గట్టిపడి పారేయాల్సిందే. చుక్కానికి వార్నిష్ విడిగా.

బ్రష్షులు, పాత బట్టలు ఎవరు తెస్తారో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి. టిఫిన్ నాది.

నీలమా, ఎరుపా అని మళ్లీ మొదలెట్టకండి. డబ్బాలు కొనేశాను, నీలమే.