లిటరేచర్ తరగతుల్లో ఈ ఏడాది మారుతున్నవి, నిరుడు నేను చేసిన పొరపాట్లు

తల్లిదండ్రులకు నమస్కారం.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో, మేడ మీది ఒకే గదిలోంచి నేను నడుపుతున్న ఈ ట్యూషన్ కేంద్రాన్ని నమ్మి, అమెరికాలో చదువుతున్న మీ పిల్లలను అప్పగించినందుకు కృతజ్ఞతలు. మే నెలలో వాళ్లు రాసిన ఏపీ ఇంగ్లిష్ లిటరేచర్ పరీక్ష ఫలితాలు జులైలో వచ్చాయి. ఇందులో స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది, 5 అన్నిటికన్నా ఎక్కువ. మా 11 మందిలో, 5 వస్తుందని నేను ధీమాగా చెప్పిన నలుగురికి 3 వచ్చింది. వాళ్ల సాధన వ్యాసాలన్నీ మళ్లీ తీసి చదివాక, లోపం పిల్లల్లో కాదు, నేను నేర్పిన తీరులోనే ఉందని తేలింది.

ఇక్కడ ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి, కాలేజ్ బోర్డు వారు పెట్టే పరీక్ష రాయడం. మనవరాలి ఫీజు కట్టడానికి వచ్చిన ఒక తాతగారు హాల్ టికెట్లు ఎప్పుడిస్తారని అడిగారు కాబట్టి ఈ మాట చెప్పవలసి వచ్చింది.

పరీక్ష మూడు గంటలు. మొదటి గంటలో 55 బహుళైచ్ఛిక ప్రశ్నలు. వాటికి 45 శాతం విలువ. తరువాతి రెండు గంటల్లో మూడు వ్యాసాలు: ఒకటి ఇచ్చిన కవిత మీద, ఒకటి ఇచ్చిన వచన భాగం మీద, మూడోది విద్యార్థి తాను చదివిన నవల గానీ నాటకం గానీ ఎంచుకుని రాసేది. మిగిలిన 55 శాతం ఈ వ్యాసాలదే. ఒక్కో వ్యాసానికి 6 మార్కులు. అందులో 1 వ్యాసం నిరూపించబోయే ప్రతిపాదనకు, 1 ఆలోచనలోని లోతుకు, తక్కిన 4 మూలంలోంచి ఆధారం చూపి దాన్ని వివరించినందుకు.

ఆ 4 మార్కుల దగ్గరే నేను దారి తప్పాను. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పిన అలవాటు కొద్దీ, అలంకారాల పేర్లూ నిర్వచనాలూ పట్టికలుగా రాయించి వల్లె వేయించాను. సాధన కోసం నేనే రాసిన ఒక చిన్న ఇంగ్లిష్ కవితలో, అమ్మేసిన ఇంటి తాళంచెవి చేతిలో చల్లని చేపలా ఉందన్న పోలిక ఉంటుంది. ఒక అమ్మాయి దాని గురించి, ఇది సిమిలీ అనీ, కవి దీన్ని సమర్థంగా వాడారనీ, దృశ్యం కళ్లకు కట్టిందనీ రాసింది. నేను పక్కన టిక్కు పెట్టాను. పెట్టవలసింది టిక్కు కాదు, ‘అయితే?’ అన్న ఒక్క మాట. చేప ప్రాణం పోయినది, పట్టుకుంటే జారేది, కాసేపటికి చేతిలో వాసన మాత్రమే మిగిల్చేది. ఇల్లు పరాయిదైపోయాక తాళంచెవి ఆ మనిషికి ఏమవుతుందో ఆ పోలికే చెబుతోంది. ఆ నాలుగు వాక్యాలు రాయగల తెలివి ఆ అమ్మాయికి ఉంది. నేనే అడగలేదు.

రెండో పొరపాటు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. 2025 నుంచి ఈ పరీక్షను బ్లూబుక్ అనే యాప్‌లో కంప్యూటర్ మీదే రాస్తున్నారు. ఆ సంగతి తెలిసి కూడా, ఎర్ర సిరాతో దిద్దితేనే దిద్దినట్టుంటుందన్న నా మోజు కొద్దీ, మార్చి దాకా కాగితం మీదే రాయించి స్కాన్ చేయించి తెప్పించుకున్నాను. వ్యాసానికి సుమారు 40 నిమిషాలే ఉండే చోట, టైపు చేస్తూ ఆలోచించడం వేరే సాధన.

కన్యాశుల్కం మీద మూడో వ్యాసం రాయవచ్చా అని ఒక తండ్రి అడిగారు. 1892లో ఆ నాటకం తొలిసారి ఆడింది మన ఊళ్లోనే కాబట్టి, ఆ ప్రశ్నకు నాకూ ఉత్సాహం వచ్చిన మాట నిజం. ప్రశ్నపత్రంలో ఆ వ్యాసానికి ఇచ్చే రచనల జాబితా సూచన మాత్రమే. సాహిత్య విలువ ఉన్న మరో రచనను ఎంచుకోవచ్చు, కన్యాశుల్కానికి ఇంగ్లిష్ అనువాదమూ ఉంది. అయితే కథ చెప్పుకుంటూ పోతే మార్కులు రావు. అడిగిన అంశం మొత్తం రచన అర్థానికి ఎలా తోడ్పడిందో చెప్పాలి. దిద్దేవారికి పరిచయం ఉండని నాటకమైతే, కథ వివరించడంలోనే 40 నిమిషాలూ కరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకని బడిలో క్షుణ్ణంగా చదివినవి రెండు సిద్ధం చేసుకుని, ఇది మూడోదిగా ఉంచుకోమన్నాను.

ఈ ఏడాది పట్టికలు ఉండవు. వారానికి ఒక వ్యాసం, టైపు చేసి, గడియారం పెట్టుకుని రాయాలి. మూడు రోజుల్లో దిద్ది పంపుతాను. ఇంత శ్రద్ధగా దిద్దాలంటే 8 మందికి మించి చేర్చుకోలేను. ఫీజు పెంచడం లేదు. నిరుడు 3 వచ్చిన ఆ నలుగురికి చివరి రెండు నెలల ఫీజు తిరిగి ఇస్తున్నాను. ఖాతా వివరాలు నాకు విడిగా పంపండి. తరగతి అమెరికా తూర్పు తీరం వేళ ప్రకారం రాత్రి 8 గంటలకే. మాకది తెల్లవారుజాము 5:30. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 6:30 అవుతుంది, నాకో గంట నిద్ర కలిసొస్తుంది.

పిల్లలు బడిలో ఈ ఏడాది చదవబోయే నవలలు, నాటకాల పేర్లు మొదటి తరగతికి పదిహేను రోజుల ముందే పంపించండి. వాటిలో నేను చదవనివి ఉంటే, ముందు నేను చదవాలి.